ఎలక్ట్రిసిటీ మాగ్నెటిజం ప్రయోగాల కిట్ రివ్యూ: వస్తువులు మంచివే, మాన్యువల్ మాత్రం పక్కన పెట్టి వాడండి

ఫిజిక్స్ చదివే పిల్లల కోసం అమ్మే ఎలక్ట్రిసిటీ కిట్లలో చాలా వరకు బల్బు వెలిగించి, చిన్న మోటార్ తిప్పి చూపించి అక్కడితో ఆగిపోతాయి. ఇది అంతకంటే చాలా ముందుకి వెళ్ళింది. పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాడిగా నేను ఇందులో ఉన్న ప్రయోగాలన్నీ వాళ్ళతో కూర్చుని చేయించాకే రాస్తున్నా. కాయిల్స్, రాగి గొట్టం, దిక్సూచి, మీటర్ ఈ నాలుగింటి కోసమైనా కొనొచ్చు. స్టాటిక్ ఎలక్ట్రిసిటీ భాగం సరిపోదు. మాన్యువల్ సంగతి అయితే అసలు నచ్చలేదు, ఎందుకంటే ప్రతి ప్రయోగానికి పైనే ఏం జరుగుతుందో రాసేసి కింద ఎలా చెయ్యాలో చెప్పింది, దాంతో పిల్లలు ఆలోచించాల్సిన ఆ ఒక్క నిమిషం కూడా పోయింది. ఏం జరుగుతుందో ముందు వాళ్ళ చేత అంచనా రాయించి, తర్వాత స్విచ్ వేయిస్తే ఇదే కిట్ పదింతలు పనికొస్తుంది. కింద రాసేదంతా అలా చేయిస్తే ఏం బయటపడిందో అదే.

మొదటిది దిక్సూచి మీదుగా తీగ. 1820లో ఓయర్‌స్టెడ్ చూసింది ఇదే, కరెంట్ పోతున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు పక్కకి తిరగడం, ఆ వార్త తెలిసిన కొన్ని వారాల్లోనే, అదే ఏడాది సెప్టెంబర్‌లో, ఆంపియర్ రెండు తీగల మధ్య కూడా బలం ఉంటుందని చూపించేశాడు. కిట్‌లో రెండు పెన్సిల్ సెల్స్ హోల్డర్, 2.2 ఓంల లావు రెసిస్టర్, తిన్నని రాగి తీగ ఉన్న చెక్క స్టాండ్ ఇచ్చారు, దాంతో దాదాపు 1 ఆంపియర్ వస్తుంది. మాన్యువల్‌లో చెప్పని ముఖ్యమైన విషయం ఏంటంటే తీగ ఉత్తరం దక్షిణంగా ఉండాలి. తూర్పు పడమరగా పెడితే తీగ కింద పుట్టే మాగ్నెటిక్ ఫీల్డ్ ఉత్తర దక్షిణాల్లోనే ఉంటుంది, ముల్లు అప్పటికే అటే చూస్తోంది కాబట్టి అక్కడ ఏమీ కదలదు, పిల్లలేమో సెల్ అయిపోయింది, కిట్ పాడైంది అనుకుంటారు. నేనైతే కావాలని రెండు రకాలుగానూ పెట్టిస్తా, ఎందుకు కదల్లేదు అన్న ప్రశ్నలోనే ఫీల్డ్ తీగ చుట్టూ తిరుగుతుంది అన్న విషయం మొత్తం ఉంది.

ఇంకో మంచి సంగతి, ఇక్కడ లెక్క చేత్తో వేసి సరిచూసుకోవచ్చు. 1 ఆంపియర్ పోతున్న పొడుగాటి తీగకి 1 సెంటీమీటర్ దూరంలో ఫీల్డ్ 20 మైక్రో టెస్లా. భూమి ఫీల్డ్‌లో అడ్డంగా ఉండే భాగం ప్రాంతాన్ని బట్టి మారుతుంది, 40 మైక్రో టెస్లా అనుకుంటే ముల్లు తిరిగే కోణం టాన్ విలువ (20 ని 40 తో భాగిస్తే) 0.5, అంటే దాదాపు 27 డిగ్రీలు. 2 సెంటీమీటర్లకి జరిపితే టాన్ విలువ 0.25, కోణం 14 డిగ్రీలు. చిన్న ప్లాస్టిక్ దిక్సూచిలో డిగ్రీలు అంత బాగా కనపడవు కానీ 27 కి 14 కి తేడా మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. దూరం రెట్టింపైతే ఫీల్డ్ సగం అవుతుంది అని బోర్డు మీద రాయడం వేరు, ముల్లు వెనక్కి రావడం కళ్ళతో చూడడం వేరు.

దిక్సూచి విషయంలో ఒక జాగ్రత్త. కిట్‌లో నియోడిమియం మాగ్నెట్లు కూడా ఉన్నాయి, వాటిని దిక్సూచికి మరీ దగ్గరగా తీసుకెళ్తే ముల్లు ధ్రువాలే తారుమారైపోతాయి, ఆ తర్వాత అది ఉత్తరం వైపు చూపించాల్సిన కొనతో దక్షిణం చూపిస్తుంది. రెండింటినీ ఒకే బాక్సులో పక్క పక్క గళ్ళలో పెట్టి పంపడం ఏం డిజైనో నాకు అర్థం కాలేదు. వచ్చిన వెంటనే విడిగా తీసి పెట్టుకోండి. ఒకవేళ తారుమారైనా కంగారు పడక్కర్లేదు, అదే మాగ్నెట్‌తో తగిన వైపు నుంచి మళ్ళీ రుద్దితే సరవుతుంది, ఒక మాగ్నెట్ తయారవడం అంటే ఏంటో పిల్లలకి చూపించడానికి కూడా పనికొస్తుంది.

సర్క్యూట్ల భాగానికి వస్తే ఇందులో రెండు టార్చ్ బల్బులు, ఒక డిజిటల్ మల్టీమీటర్, క్లిప్పులున్న వైర్లు, నిక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమం) తీగ, కొన్ని రెసిస్టర్లు ఉన్నాయి. నేను పిల్లల్ని మొదట అడిగేది ఒక్కటే, రెండు బల్బులు ఒకదాని వెనక ఒకటిగా, అంటే సిరీస్‌లో ఉన్నప్పుడు మొదటి బల్బు ముందు, రెండింటి మధ్య, రెండో బల్బు తర్వాత కరెంట్ ఎంతెంత ఉంటుంది. సూత్రాలు బాగా వచ్చిన వాళ్ళు కూడా చాలా మంది బల్బు కొంత కరెంట్ వాడేసుకుంటుంది కాబట్టి తర్వాత తగ్గుతుంది అని రాస్తారు. మూడు చోట్లా మీటర్ పెట్టి చూస్తే ఒకే రీడింగ్ వస్తుంది. ఖర్చయ్యేది ఎనర్జీ, ఛార్జ్ కాదు అని వంద సార్లు చెప్పినా ఎక్కనిది ఆ మూడు రీడింగులతో ఎక్కేస్తుంది.

ఇక్కడే ఎలక్ట్రాన్ల వేగం గురించి కూడా మాట్లాడతా, స్విచ్ వేయగానే బల్బు వెలుగుతుంది కాబట్టి ఎలక్ట్రాన్లు మెరుపు వేగంతో పరిగెత్తుతాయి అనుకుంటారు కదా, 1 చదరపు మిల్లీమీటర్ రాగి తీగలో 1 ఆంపియర్ పోతుంటే వాటి సగటు డ్రిఫ్ట్ వేగం (తీగ వెంట ముందుకి జరిగే వేగం) సెకనుకి 0.07 మిల్లీమీటర్ల చిల్లరే, ఒక మీటర్ దాటడానికి నాలుగు గంటల దగ్గర పడుతుంది. వెంటనే వచ్చేది ఎలక్ట్రిక్ ఫీల్డ్, ఎలక్ట్రాన్లు తీగ నిండా ముందు నుంచే ఉన్నాయి.

మల్టీమీటర్ ఫర్వాలేదు, ఈ కిట్ స్థాయికి బాగుంది. కానీ మిల్లీ ఆంపియర్ రేంజ్ 200 వరకే, ఈ బల్బులు 0.3 ఆంపియర్లు తీసుకుంటాయి కాబట్టి ఒక్క బల్బు పెట్టినా ఎర్ర వైరు 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చుకోవాలి, లేకపోతే లోపల ఫ్యూజ్ పోతుంది. ఆ 10 ఆంపియర్ల సాకెట్‌కి ఫ్యూజ్ లేదని మీటర్ మీదే రాసి ఉంది. కరెంట్ రేంజ్‌లో ఉన్న మీటర్‌ని సెల్‌కి అటూ ఇటూ నేరుగా పెట్టడం ఎందుకు తప్పో, అంటే మీటర్ రెసిస్టెన్స్ దాదాపు సున్నా కాబట్టి అది షార్ట్ సర్క్యూట్ అవుతుందని, మాన్యువల్ మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉండాల్సింది. ఎక్కడో వెనక చిన్న అక్షరాల్లో ఉంది. ఇంట్లో ప్లగ్గు దగ్గరికి ఈ మీటర్ తీసుకెళ్ళనివ్వకండి, ఈ ప్రయోగాలన్నిటికీ సెల్స్ చాలు.

బల్బుతోనే ఇంకో మంచి ప్రయోగం ఉంది, అది మాన్యువల్‌లో లేదు. బల్బు మీద 2.5 వోల్టులు 0.3 ఆంపియర్లు అని రాసి ఉంటుంది, ఓమ్ సూత్రం ప్రకారం వోల్టులని ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్స్ 8.3 ఓంలు రావాలి. బల్బు తీసి మల్టీమీటర్ ఓంల రేంజ్‌లో కొలిస్తే 1 ఓం దగ్గర చూపిస్తుంది, అందులోనూ కొంత మీటర్ వైర్లదే. మీటర్ తప్పా, సూత్రం తప్పా అని పిల్లలు వాదించుకోవడం చూడాలి. ఫిలమెంట్ టంగ్‌స్టన్, వెలిగేటప్పుడు రెండు వేల డిగ్రీల పైన వేడెక్కుతుంది, రెసిస్టెన్స్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఓమ్ 1827లో చెప్పిన సంబంధం ఉష్ణోగ్రత మారనప్పుడే నిలుస్తుంది అన్న షరతు అందరూ పరీక్షలో రాస్తారు, ఆ షరతు ఎందుకుందో ఈ బల్బు చూపిస్తుంది.

అలాగే సెల్ ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్ లోపలే ఉండే రెసిస్టెన్స్) కూడా కొలవొచ్చు. రెండు సెల్స్ ఊరికే కొలిస్తే 3.1 వోల్టులు, బల్బు పెట్టగానే 2.9 కి పడితే, ఆ తగ్గిన 0.2 ని 0.3 ఆంపియర్లతో భాగిస్తే దాదాపు 0.67 ఓంలు, అందులో సెల్స్‌ది ఎక్కువ భాగం, హోల్డర్ స్ప్రింగులది కొంత. కొత్త సెల్స్‌తో ఒకసారి, బాగా వాడేసిన సెల్స్‌తో ఒకసారి చేస్తే అరిగిపోయిన సెల్ అంటే వోల్టేజ్ తగ్గినదే కాదు, లోపలి రెసిస్టెన్స్ పెరిగింది కూడా అని తెలుస్తుంది. నిక్రోమ్ తీగతో పొడవు రెట్టింపు చేస్తే రెసిస్టెన్స్ రెట్టింపవడం బాగానే వస్తుంది, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఎలక్ట్రో మాగ్నెట్, చిన్న మోటార్ కూడా ఉన్నాయి, రెండూ పని చేస్తాయి. మోటార్ దగ్గర ఒక చిక్కు, కాయిల్ చుట్టాల్సిన రాగి తీగకి ఎనామిల్ పూత ఉంటుంది, ఒక కొస పూర్తిగా గీకాలి, రెండో కొస ఒక వైపు సగం మాత్రమే గీకాలి, అలా అయితేనే సగం తిరుగుడు కరెంట్ ఉండి సగం లేకుండా ఒకే దిక్కున తిరుగుతూ పోతుంది. బొమ్మలో రెండు కొసలూ పూర్తిగా గీకినట్టు వేశారు, అలా చేస్తే అది కాస్త ఊగి ఆగిపోతుంది. ఉప్పు కాగితం ముక్క కూడా బాక్సులో పెట్టలేదు, మీరే తెచ్చుకోండి.

ఇక కిట్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇండక్షన్, అంటే మాగ్నెట్ కదలికతో కాయిల్ లో కరెంట్ పుట్టించడం. 200, 400, 800 చుట్లున్న మూడు కాయిల్స్, మధ్యలో సున్నా ఉన్న గాల్వనోమీటర్ (చిన్న కరెంట్లని, వాటి దిక్కుని చూపించే మీటర్), ఒక బార్ మాగ్నెట్, గుండ్రటి నియోడిమియం మాగ్నెట్లు. కాయిల్స్ చుట్టిన తీరు చాలా నీట్‌గా ఉంది, టెర్మినల్స్ గట్టిగా ఉన్నాయి, గాల్వనోమీటర్ ముల్లు చిన్న కదలికకి కూడా స్పందిస్తుంది. మాగ్నెట్‌ని కాయిల్ లోపల అలా వదిలేస్తే ముల్లు సున్నా మీదే ఉంటుంది, ఎంత బలమైన మాగ్నెట్ అయినా సరే. కదిపితేనే కదులుతుంది, లోపలికి తోస్తే ఒక పక్క, బయటికి లాగితే ఇంకో పక్క. ఫారడే 1831 ఆగస్టులో ఇనుప రింగ్‌కి రెండు కాయిల్స్ చుట్టి చూసినప్పుడు కూడా ఇదే, బ్యాటరీ కలిపిన క్షణం, తీసిన క్షణం మాత్రమే ముల్లు కదిలింది, మధ్యలో కరెంట్ నిలకడగా పోతున్నంత సేపూ ఏమీ లేదు. ఫ్లక్స్ (కాయిల్ గుండా వెళ్ళే మాగ్నెటిక్ ఫీల్డ్ మొత్తం) ఉండడం కాదు, ఫ్లక్స్ మారడం అన్నది ఈ ఒక్క చోట అర్థమైతే ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ అన్నీ దాని వెనకే వచ్చేస్తాయి.

చుట్లు రెట్టింపు చేస్తే ఈఎంఎఫ్ (కాయిల్ లో పుట్టే వోల్టేజ్) రెట్టింపవుతుంది అని చూపించడానికి మాన్యువల్ 200 కాయిల్ తీసేసి 400 కాయిల్ పెట్టమంటుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. గాల్వనోమీటర్ చూపించేది కరెంట్‌ని, కాయిల్ మారిస్తే ఈఎంఎఫ్‌తో పాటు సర్క్యూట్ రెసిస్టెన్స్ కూడా మారుతుంది, కాబట్టి రీడింగ్ సరిగ్గా రెట్టింపు రాదు. దానికి మందు ఏంటంటే రెండు కాయిల్స్‌నీ మొదటి నుంచి చివరి దాకా సిరీస్‌లోనే ఉంచి, మాగ్నెట్‌ని ఒకసారి 200 లోకి, ఒకసారి 400 లోకి ఒకే ఎత్తు నుంచి వదలడం. రెసిస్టెన్స్ మారదు కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది. కాయిల్స్ మాత్రం ఒకదానికొకటి దూరంగా పెట్టండి, లేకపోతే ఒకదాంట్లో వేసిన మాగ్నెట్ ఫీల్డ్ రెండో దాన్ని కూడా తాకుతుంది. ప్రయోగంలో ఒక్కటే మార్చాలి, మిగతావి మారకూడదు అన్న పాఠం దీంతో నేర్పినంత బాగా ఇంకెక్కడా నేర్పలేను.

ఎల్ఈడీ ప్రయోగం ఇంకా బాగుంటుంది. రెండు ఎర్ర ఎల్ఈడీలు ఒకదానికి ఒకటి ఎదురు దిక్కులో కలిపి 800 కాయిల్‌కి తగిలించారు, చేత్తో మాగ్నెట్ అటూ ఇటూ ఆడిస్తే మామూలుగా ఏమీ రాదు, ఎందుకంటే ఎర్ర ఎల్ఈడీ వెలగడానికి 1.8 వోల్టుల పైన కావాలి, చేతి వేగానికి అంత రావడం కష్టం. గది చీకటి చేసి, ప్లాస్టిక్ గొట్టంలోంచి మాగ్నెట్‌ని పై నుంచి వదిలితే అప్పుడు మెరుస్తాయి. బాగా గమనిస్తే ముందు ఒకటి, వెంటనే రెండోది. మాగ్నెట్ కాయిల్‌లోకి వస్తున్నప్పుడు ఒక దిక్కు, పోతున్నప్పుడు వ్యతిరేక దిక్కు, లెంజ్ 1834లో చెప్పిన నియమం (పుట్టే కరెంట్ తనని పుట్టించిన మార్పునే అడ్డుకుంటుంది అన్నది) రెండు చిన్న మెరుపుల్లో కనిపిస్తుంది. రెండో మెరుపు కాస్త ఎక్కువగా ఉంటుంది, కిందకి వచ్చే కొద్దీ మాగ్నెట్ వేగం పెరుగుతుంది కాబట్టి. ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూపించండి, పిల్లలు ఎగిరి గంతేస్తారు. మాన్యువల్ మాత్రం "ఎల్ఈడీ వెలుగును" అని ఒక్క ముక్క రాసి వదిలేసింది.

రాగి గొట్టం 30 సెంటీమీటర్లది. మామూలు రాయి అయితే పావు సెకనులో కింద పడుతుంది, నియోడిమియం మాగ్నెట్ వదిలితే కొన్ని సెకన్లు పడుతుంది, పైనుంచి లోపలికి తొంగి చూస్తే తాపీగా దిగుతూ కనిపిస్తుంది, గోడలకి తగలకుండా. రాగి మాగ్నెట్‌కి అంటుకోదు కదా అని ముందే చూపించి తర్వాత వదలాలి, అప్పుడే ఆశ్చర్యం సరైన చోట పడుతుంది. గొట్టం గోడల్లో ఎడ్డీ కరెంట్లు (సుడుల్లా తిరిగే కరెంట్లు) పుట్టి మాగ్నెట్ పడటాన్ని అడ్డుకుంటాయి. నిలువునా చీల్చిన ఇంకో గొట్టం కూడా ఇచ్చారు, ఇది ఈ కిట్ వాళ్ళు చేసిన తెలివైన పని, ఎందుకంటే చీలిక వల్ల చుట్టూ తిరిగే కరెంట్ తెగిపోతుంది, మాగ్నెట్ ఇంకా త్వరగా పడుతుంది, అయినా రాయి అంత త్వరగా పడదు, చిన్న చిన్న సుడులు ఇంకా మిగిలే ఉంటాయి కాబట్టి. చీల్చిన గొట్టంలో ఎలా పడుతుందో ముందు రాయమంటే క్లాసు రెండుగా చీలిపోతుంది.

దీనికి మీరు ఒక డిజిటల్ త్రాసు జత చేస్తే ఇంకా లోతుకి వెళ్ళొచ్చు. త్రాసు మీద చెక్క దిమ్మ, దాని మీద గొట్టం నిలబెట్టి (మాగ్నెట్ త్రాసుకి దగ్గరగా రాకూడదు, అందుకే దిమ్మ) మాగ్నెట్ వదలండి. ఒకే వేగంతో దిగుతున్నంత సేపు త్రాసు గొట్టం బరువుతో పాటు మాగ్నెట్ బరువు కూడా చూపిస్తుంది, మాగ్నెట్ దేనికీ తగలకుండా గాల్లో ఉన్నా సరే. గొట్టం మాగ్నెట్‌ని పైకి నెడుతుంటే మాగ్నెట్ గొట్టాన్ని అంతే బలంతో కిందికి నెడుతోంది, న్యూటన్ మూడో నియమం. మరి పడుతున్న మాగ్నెట్ కోల్పోయిన ఎనర్జీ ఎక్కడికి పోయింది అని అడిగితే గొట్టం వేడెక్కింది అంటారు, సరైన జవాబే. 10 గ్రాముల మాగ్నెట్ 30 సెంటీమీటర్లు దిగితే 0.03 జౌళ్ళు, 100 గ్రాముల రాగిని అది వెయ్యో వంతు డిగ్రీ కూడా వేడెక్కించదు, చేత్తో తాకితే తెలియకపోవడానికి కారణం అది.

స్టాటిక్ భాగం దగ్గర నిరాశే. ప్లాస్టిక్ కడ్డీ, ఉన్ని గుడ్డ, రేకు ఎలక్ట్రోస్కోప్ (ఛార్జ్ ఉందో లేదో చూపించేది), దారాలకి వేలాడే రెండు తేలికైన బంతులు, వాటితో కూలుంబ్ సూత్రం (ఛార్జుల మధ్య బలం దూరం వర్గంతో తగ్గుతుంది అన్నది) నిరూపించొచ్చని బాక్సు మీద రాశారు. అది కుదిరే పని కాదు. బంతుల మీద ఎంత ఛార్జ్ ఉందో తెలీదు, కొలిచే లోపే అది గాల్లోకి కారిపోతుంది, గాల్లో తేమ ఉంటే మరీ త్వరగా. కూలుంబ్ 1785లో సన్న తీగ మెలిపడటాన్ని కొలిచే త్రాసు కట్టి మరీ చేసిన పని అది. ఈ బంతులతో వికర్షణ ఉందని చూపించొచ్చు, దూరం వర్గంతో తగ్గుతుందని చూపించలేరు, బాక్సు మీద అలా రాయకుండా ఉండాల్సింది. దీని బదులు మామూలు పారదర్శక టేప్ ముక్కలు రెండు ఒకదాని మీద ఒకటి బల్లకి అంటించి, రెండూ కలిపి లేపి, తర్వాత విడదీస్తే ఆకర్షించుకుంటాయి, విడివిడిగా బల్ల మీద నుంచి లాగిన ముక్కలు వికర్షించుకుంటాయి. పొడి గదిలో చాలా బాగా వస్తుంది, ఛార్జ్ రెండు రకాలని చూపించడానికి ఇంత తేలికైన దారి ఇంకోటి లేదు.

స్థిరాంకాల చార్ట్ ఒకటి ఇచ్చారు గోడకి తగిలించుకోడానికి, అందులో ఆంపియర్ నిర్వచనం పాతది, రెండు పొడుగాటి సమాంతర తీగల మధ్య బలంతో చెప్పేది. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఛార్జ్ విలువని 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులుగా స్థిరం చేసి దాని నుంచే ఆంపియర్‌ని నిర్వచిస్తున్నారు. విద్యార్థుల కోసం ముద్రించే చార్ట్‌లో ఇది సరిదిద్దుకోవాలి, పిల్లలు గోడ మీద ఉన్నదే కంఠతా పడతారు.

ఇనుప రజను మూసేసిన ప్లాస్టిక్ పెట్టెలో ఇచ్చారు, అది మంచి ఆలోచన, బయట పోసుకుంటే మాగ్నెట్‌కి అంటుకుని ఎప్పటికీ పోదు. నియోడిమియం మాగ్నెట్లు మాత్రం చిన్న పిల్లలున్న ఇంట్లో అందకుండా పెట్టండి, రెండు మింగితే పేగుల గోడల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదకి తెస్తాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఈ మాగ్నెట్లని ఛాతీ దగ్గరికి తీసుకురాకూడదు. మాన్యువల్‌లో పేస్‌మేకర్ మాట ఉంది, మింగడం గురించి లేదు, అది కచ్చితంగా ఉండాలి. ఈ మాగ్నెట్లు వేడికి కూడా ఓర్చవు, మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి, అందుకని వాటికి దగ్గరగా సోల్డరింగ్ చెయ్యకండి.

ఎవరికి పనికొస్తుంది అంటే, ఈ చాప్టర్లు ఒకసారి చదివేసి లెక్కలు చేస్తూ ఉన్నవాళ్ళకి బాగా పనికొస్తుంది, అసలేమీ చదవని చిన్న క్లాసుల పిల్లలకి ఇవ్వాలంటే పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. కెపాసిటర్ (ఛార్జ్ నిల్వ చేసేది) ఒక్కటి కూడా పెట్టలేదు, అది పెద్ద లోటు, 1000 మైక్రో ఫారడ్‌ది ఒకటి, 10 కిలో ఓంల రెసిస్టర్ ఒకటి విడిగా తెచ్చుకుంటే టైమ్ కాన్‌స్టంట్ (కెపాసిటర్ ఎంత త్వరగా నిండుతుందో చెప్పే సమయం) 10 సెకన్లు వస్తుంది, స్టాప్‌వాచ్, ఇదే మల్టీమీటర్‌తో ఛార్జింగ్ గ్రాఫ్ గీసుకోవచ్చు. కలిపేటప్పుడు ప్లస్ మైనస్ కాళ్ళు చూసి పెట్టండి, ఆ సైజు కెపాసిటర్లు తిరగేసి పెడితే పాడైపోతాయి.